రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ రచనలు

రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893 జనవరి 23 – 1979 మార్చి 11) కవి, విమర్శకుడు, అనువాదకుడు, సంగీత విద్వాంసుడు. స్వస్థలం అనంతపురం జిల్లా రాళ్ళపల్లి. మైసూరు పరకాల మఠంలో సంస్కృతం చదువుకున్నారు. కట్టమంచి రామలింగారెడ్డి ప్రోత్సాహంతో 1912 ప్రాంతంలో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితులుగా చేరి 1949 వరకు అక్కడే పనిచేశారు.

స్వతంత్ర కావ్యాలు కొద్ది. ‘మీరాబాయి’, ‘తారాదేవి’, ‘పెనుగొండ పాట’ వాటిలో పేరున్నవి. వీటిలో ‘పెనుగొండ పాట’ రాయలసీమలో ఎక్కువగా వినబడింది. కవిగా ఆయన పట్టు తెలియాలంటే ‘శాలివాహన గాథాసప్తశతీ సారము’ చూడటం మేలు. హాలుడి ప్రాకృత సంకలనం నుంచి ఏరుకున్న గాథలకు ఇది పద్యానువాదం. పల్లె మనుషుల వలపులను, అలకలను రెండు పంక్తుల్లో ఇమిడ్చే మూలం బిగువు చెడకుండా చూసుకోవడంలో ఆయన సొంత కావ్యాల్లో కంటే ఎక్కువ నేర్పు కనిపిస్తుంది.

ఇక విమర్శకు వస్తే, ఆయన గ్రంథం ‘వేమన’ ప్రచురణ కాలాన్ని కొందరు 1928గా, కొందరు 1929గా రాస్తున్నారు. కట్టమంచి ఉపాధ్యక్షులుగా ఉన్నప్పుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షాన చేసిన ఉపన్యాసాలే ఈ గ్రంథం. మొదటిది ప్రసంగాల ఏడు, రెండోది ముద్రణ ఏడు అనుకుంటే పేచీ ఉండదు. అప్పటిదాకా నీతులు చెప్పే యోగిగానే ఎక్కువమంది చూసిన వేమనను కవిగా నిలబెట్టి పరిశీలించడం ఈ గ్రంథం విశేషం. వేమన మీద తర్వాత రాసినవారు దీన్ని ఒప్పుకున్నా, కాదన్నా పక్కన మాత్రం పెట్టలేకపోయారు.

సాహిత్య వ్యాసాలు ‘సారస్వతాలోకము’లో, నాటకాలపై చేసిన ప్రసంగాలు ‘నాటకోపన్యాసములు’లో చేరాయి. మొదటి సంపుటిలోని ‘రాయలనాటి రసికత’, ‘నిగమశర్మ అక్క’ ప్రసిద్ధాలు. రెండో వ్యాసానికి ఆధారం తెనాలి రామకృష్ణుడి ‘పాండురంగ మాహాత్మ్యం’లో పేరైనా లేని ఒక పాత్ర. దారితప్పిన తమ్ముణ్ణి బాగుచేద్దామని ఆ అక్క పుట్టింటికి వస్తుంది. అతడు బుద్ధిమంతుడైనట్టు నటించి, ఒక రాత్రి ఇల్లు ఊడ్చుకుపోతాడు. తెల్లారాక ఎవరి సొత్తుకు వారు ఏడుస్తుంటే, ఆమె కొత్తగా చేయించుకున్న ముక్కర పోయిందని గోలపెడుతుంది. ఆ తర్వాత కథలో ఆమె ఊసే లేదు. అలాంటి పాత్ర కోసం రాళ్ళపల్లి ఒక పూర్తి వ్యాసం రాసి, ఆమె మమకారాన్నీ ఆడబిడ్డ పెత్తనాన్నీ మన ఇళ్ళలో చూసే మనిషివిగా పట్టుకున్నారు. తెలుగు పాత్రచిత్రణ విమర్శలో దీన్ని మించిన చిన్న వ్యాసం అరుదనే మాట అతిశయోక్తి కాకపోవచ్చు.

మైసూరు కొలువు ముగిశాక తిరుపతి చేరి, శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో అన్నమాచార్య సంకీర్తనల పరిష్కరణలో పాల్గొన్నారు. ఈ పనికి అంతకుముందే సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు బాట వేశారు కాబట్టి ఘనతంతా ఒక్కరిది అనడం సబబు కాదు. రాళ్ళపల్లి ప్రత్యేకత స్వరకల్పన. సంకీర్తనలు చెక్కి ఉన్న రాగిరేకుల మీద పాటకు రాగం పేరుంది, స్వరం లేదు. అందుచేత ఆయన స్వరపరచి ప్రచురించిన కీర్తనల వరసలు అన్నమయ్య నాటివి కావు, ఆయన కూర్చినవే. మైసూరులో బిడారం కృష్ణప్ప దగ్గర చేసిన సాధన ఇక్కడ అక్కరకొచ్చింది. 1974లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది.

కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయప సంస్కృతంలో రాసిన ‘నృత్తరత్నావళి’కి ఆయన చేసిన తెలుగు అనువాదాన్ని ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ ప్రచురించింది. కన్నడంలో ‘గానకలె’, ‘సాహిత్య మత్తు జీవనకలె’ రాశారు. తెలుగులో వచ్చిన పరిచయ వ్యాసాలు ఈ రెండింటినీ సాధారణంగా పేరు చెప్పి వదిలేస్తాయి.