నాందేడు దారిలో తొలి ఆవిరి యింజనులు ఏల మిగులలేదు?

గోదావరీతీరమున నున్న నాందేడునకు 1900 ప్రాంతమున హైదరాబాదు–గోదావరీలోయ రైల్వేవారి మీటరుగేజి బండి వచ్చెను. హైదరాబాదు నుండి మన్మాడు వరకు తెలుగువారిని, మరాఠీలను ఆ బండ్లే చేరవేసినవి. వానిని లాగిన తొలి యింజనులలో అనేకములు ఏల మిగులలేదు?

మొదటి కారణము, యింజను పనిముట్టుగనే లెక్కింపబడుట. ముసలిదైనపుడు దాని భాగములు వేరొకదానికి అమర్చి, మిగిలిన ఇనుమును తూకమునకు అమ్మెడివారు.

రెండవది, యజమానులు మారుట. 1930లో కంపెనీ నుండి నిజాం ప్రభుత్వమునకు, 1951లో మధ్య రైల్వేకు, 1966లో దక్షిణమధ్య రైల్వేకు ఈ మార్గము చెందెను. నడుమ 1956లో హైదరాబాదు రాష్ట్రమే విభక్తమై, నాందేడు బొంబాయి రాష్ట్రమున చేరి, 1960లో మహారాష్ట్రమున భాగమయ్యెను. ప్రతి వారసుడును నడచు బండ్లను స్వీకరించెనే కాని, జ్ఞాపకమును కాపాడు బాధ్యత ఎవరిదియు కాలేదు.

1855 నాటి ఫెయిరీక్వీన్ 1909లో విరమించినను, హౌరాలో వేదికపై నిలుపబడుటచే దక్కెను. ఢిల్లీ రైలు ప్రదర్శనశాల 1977లో గాని తెరువబడలేదు. 1992 నుండి ఏకగేజి విధానముచే మీటరు పట్టాలును తొలగుచు వచ్చెను.

ఇక మనకు సాధ్యమైనది, ఆనాటి రైలు కార్మికుల ఇండ్లలో నున్న ఛాయాచిత్రములను, దీపములను, పనిపుస్తకములను సేకరించుట. అవియు తూకమునకు పోకమునుపే ఈ పని జరుగవలెను.