నారు పోసినవాడు

నారు పోసినవాడు నీరు పోయక మానడని మన పెద్దల మాట. దీనిని సోమరితనానికి ఆసరాగా చెప్పుకొనేవారున్నారు. ఆ కారణంచేతనే దీనిని ఆక్షేపించేవారూ ఉన్నారు. అయితే ఈ మాటను నమ్మినవారు ఆపత్సమయంలో ఏమి చేసినారన్నది అసలు ప్రశ్న. దానికి సమాధానం హైదరాబాదు నగరచరిత్రలోనే దొరుకుతున్నది.

బల్కంపేట ఎల్లమ్మ సన్నిధికి వెళ్లినవారు అమ్మవారిని తల వంచి చూడవలసినదే. మూర్తి నేలమట్టానికి సుమారు 10 అడుగుల దిగువన శయనించి ఉన్నది. అక్కడి బావినీరే భక్తులకు తీర్థము. ఏటేటా ఆషాఢమాసపు తొలి మంగళవారంనాడు కల్యాణం జరుగుతుంది. ఆషాఢమంటే వానలకు బావులు, కుంటలు చెడే కాలం. ఒకప్పుడు కలరావంటి జాడ్యములకు ఊళ్లు గడగడలాడిన కాలం. వైద్యుడు లేని ఆ రోజులలో ఇల్లాలు చేసిన పని చూడండి. ఇల్లు అలికి, గడపకు పసుపు పూసి, క్రొత్తకుండలో అన్నం వండి, వేపరెమ్మలు చుట్టి, పైన దీపం వెలిగించి ఆ బోనాన్ని తలకెత్తుకొన్నది. భయమనండి, భక్తి అనండి; చేతులు ముడుచుకొని కూర్చొనుట మాత్రం కాదు.

సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి ఆలయగాథ ఇటువంటిదే. సైన్యంలో పనిచేస్తున్న సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా, కలరా తన ఊరిని పీడిస్తున్నదని విని అమ్మవారికి మొక్కుకొన్నాడనీ, 1815లో తిరిగి వచ్చి కొయ్యవిగ్రహం ప్రతిష్ఠించినాడనీ చెబుతారు. దూరాన ఉన్నవానికి మొక్కుకంటె వేరే సాధనమేమున్నది?

ఇక బల్కంపేటకు పొరుగుననే ఉన్న బేగంపేటకు వత్తము. 1897లో అక్కడ సైనికవైద్యుడు రోనాల్డ్ రాస్ మలేరియా మూలాన్ని వెదకుచున్నాడు. రెండు సంవత్సరాలుగా పరీక్షించిన దోమలన్నీ వ్యర్థమైనవి. గాలికి దోమలు ఎగిరిపోవునని ఉక్కలోనూ పంకా ఆపించినాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినవి. హుసేన్‌ఖాన్ అనే రోగి, తనను కుట్టనిచ్చిన దోమకొక అణా చొప్పున పుచ్చుకొని సహకరించినాడు. నా దృష్టిలో ఆ విజయంలో అతనికీ భాగమున్నది. ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి జాడ కనిపించినది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానం లభించినది.

అయితే బహుమానం ఊహకైనా రాని ఆ ఆగస్టు దినములలోనే, రెండేండ్లు వట్టిచేతులతో మిగిలిన ఆ వైద్యుడు దైవానికి కృతజ్ఞత తెలుపుతూ ఒక కవిత వ్రాసి తన భార్యకు పంపినాడు.