బస్తీలో నడక: చూపించేదెవరు, చూసేదెవరు?

‘స్లమ్’కు తెలుగులో మురికివాడ అనే మాట స్థిరపడింది. ఫైళ్లలోనూ పత్రికల్లోనూ అదే కనిపిస్తుంది. అక్కడ బతికేవాళ్లు మాత్రం తమ చోటును బస్తీ అనో, వాడ అనో పిలుచుకుంటారు. పేరులోనే మురికి అంటగట్టిన చోటుకు టికెట్ కొనుక్కుని వెళ్లి చూడటం ఏమిటన్న ప్రశ్న సహజం. ఈ ప్రశ్న పాతదే. 1880లలో లండన్ సంపన్నులు ఈస్ట్ ఎండ్ పేదల వీధులకు షికారు వెళ్లేవారు. మన దేశంలో ఈ చర్చ ఎక్కువగా ముంబైలోని ధారవి చుట్టూ నడుస్తోంది.

నడక ఎలా సాగుతుంది?

ధారవి నడకల్లో బాగా పేరున్నవి రియాలిటీ టూర్స్ అండ్ ట్రావెల్ నిర్వహించేవి. క్రిస్ వే, కృష్ణ పూజారి 2005లో ఈ సంస్థను మొదలుపెట్టారు. చిన్న బృందాలను స్థానిక యువత వెంట తీసుకెళ్తుంది. నడకలో ఫొటోలు తీయడం నిషేధం. లాభాల్లో 80 శాతం బస్తీలో విద్య వంటి కార్యక్రమాలకు వెళ్తుందని సంస్థ చెబుతుంది. ఇందుకోసం 2009లో రియాలిటీ గివ్స్ అనే సేవాసంస్థ ఏర్పడింది.

ప్లాస్టిక్‌ను రంగుల వారీగా వేరుచేసే షెడ్లు, తోలు సంచులు కుట్టే గదులు, కుంభార్‌వాడలో కుండల ఆవాలు, బోర్లించిన బుట్టల మీద అప్పడాలు ఆరబెట్టే స్త్రీలు: సందర్శకులు సాధారణంగా చూసేవి ఇవి. ‘వీళ్లు సోమరులు’ అన్న అపోహను ఈ నడక పోగొడుతుంది. అది దాని బలం.

కులం ఎక్కడ?

ఇక్కడే ఒక లోటు కూడా ఉంది. ధారవిని ‘కష్టపడి ఎదిగే చిన్న వ్యాపారుల ఊరు’గా మాత్రమే చెబితే కులం కనబడకుండా పోతుంది. కోలీల మత్స్యకార గ్రామంగా ఉన్న ఈ చోటుకు 19వ శతాబ్దం చివర్లో తోళ్లు శుద్ధి చేసే కార్ఖానాలు చేరాయి. వాసన, మురుగు నగరం నడిబొడ్డున ఉండకూడదనుకున్నారు. ఆ పని చేసే దళితులు, ముస్లింలు కూడా వాటితో పాటే నగరం అంచుకు చేరారు. వారిలో తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన తమిళులు చాలామంది. కుండలు చేసేది సౌరాష్ట్ర నుంచి వచ్చిన కుమ్మరి కుటుంబాలు. ధారవి అసెంబ్లీ స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు కావడానికీ ఈ జనాభా చరిత్రకూ సంబంధం ఉంది. ఎవరు ఏ పనిలో ఉన్నారు, ఎందుకున్నారు అన్నది గైడ్ చెప్పకపోతే సందర్శకుడు శ్రమను మెచ్చుకుని, ఆ శ్రమను పంచిన వ్యవస్థను చూడకుండానే వెళ్లిపోతాడు.

నేటి పరిస్థితి

2022 నవంబర్‌లో ధారవి పునర్నిర్మాణ టెండరును అదానీ గ్రూపు గెలుచుకుంది. 2000 జనవరి 1కి ముందు నుంచీ కింది అంతస్తులో ఉంటున్న కుటుంబాలకు అక్కడే 350 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా ఇస్తామన్నారు. తర్వాత వచ్చినవారికి, పై అంతస్తుల్లో ఉండేవారికి ధారవి బయటే చోటు. అదీ డబ్బు కట్టి లేదా అద్దెకు. ఇందుకోసం 2024లో మహారాష్ట్ర ప్రభుత్వం దేవనార్ డంపింగ్ యార్డు భూమిలో కొంత కేటాయించింది. నగరం చెత్తను వేరుచేసి బతికినవాళ్లలో కొందరికి చివరికి ఆ చెత్తదిబ్బ నేలే ఇల్లు కావచ్చు. ఈ సంగతి మాట్లాడని నడక సగం ధారవినే చూపిస్తుంది.

వెళ్లేముందు అడగాల్సినవి

ఫీల్డ్ విజిట్‌కో, నిజనిర్ధారణకో బస్తీలకు వెళ్లే విద్యార్థులు, కార్యకర్తలకూ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి.

దారి నిర్ణయించేది ఎవరు? ‘ఈ గల్లీలోకి రావద్దు’ అని చెప్పే హక్కు అక్కడివారికి ఉందా?

వచ్చిన డబ్బు ఎంత, ఎక్కడ ఖర్చయింది? ఆ లెక్క బస్తీవాసులు చూడగలరా?

గైడ్‌కు దక్కేది సరైన జీతమా, టిప్పులా? స్త్రీలు గైడ్లుగా ఉన్నారా?

మరుగుదొడ్డి ముందు క్యూ, తలుపు తెరిచి ఉన్న వంటిల్లు, పనిలో ఉన్న పిల్లలు: వీటి ముందు ఆగుతారా, దాటిపోతారా?

ఫొటో తీయకపోవడం కనీస మర్యాద. మన వీధిలోకి అపరిచితులు బృందంగా వచ్చి గుమ్మంలోకి తొంగిచూస్తే ఊరుకోం. బస్తీవాసులకూ ఆ హక్కు ఉంది. దాన్ని అమలు చేసే అధికారం వాళ్ల చేతిలో ఉన్నప్పుడే ఆ నడకను గౌరవప్రదమైనది అనగలం.