మన పల్లె చరిత్ర – 17: చేతి కార్డు, తాను గుడ్డ, క్రిస్మస్ కానుక



ప్రతి డిసెంబర్లో రెండు మాటలు వింటుంటాం. ఒకటి బయటివాళ్లది: "మీవాళ్లు పాలపిండికీ గోధుమ రవ్వకీ మతం మారారు." రెండోది మన ఇళ్లలోనిదే: "సంవత్సరానికి ఒక్క పండగ, అప్పు చేసైనా ఘనంగా చెయ్యాలి." మొదటి మాటకు కోపం వస్తుంది. రెండో మాటకు తల ఊపుతాం. కానీ రెండింటి కిందా ఉన్న లెక్క ఒకటే. కానుక విలువ దాని ధరలోనే ఉందనీ, మనం ఎప్పుడూ పుచ్చుకునేవాళ్లమే అనీ ఆ లెక్క. ఈ భాగంలో ఆ లెక్క సంగతి చూద్దాం.

ముందు క్రైస్తవానికి ముందరి సంగతి. మన పల్లెలకు పండగ అంటే ఏమి వచ్చేది? ఊళ్లోంచి పాత బట్టలు, మిగిలిన అన్నం, పిండివంటల అడుగు. మన చేతుల నుంచి ఏమి పోయేది? మాదిగ తాతలు చేసిన చెప్పులు, కపిలకు తోలు తొండం, మోకులు. వాటికి ధర అనేది లేదు. కళ్లంలో కొలిచే మేర గింజలే దక్కేవి, అవీ ఆసామి దయ. అంటే చేతితో వస్తువు చేసేది మనమే, అయినా దానం పుచ్చుకునేవాళ్ల పేరు మనకే పడింది. 1927 మార్చిలో మహద్ సభలో బాబాసాహెబ్ అంబేడ్కర్ చెరువు నీళ్ల గురించి మాత్రమే మాట్లాడలేదు. చచ్చిన గొడ్డు మాంసం మానమని, ఎంగిలి మెతుకుల కోసం చెయ్యి చాచడం మానమని కూడా చెప్పారు. పారేసింది పుచ్చుకోవడానికీ, సమానుడి నుంచి కానుక అందుకోవడానికీ ఎంత దూరం ఉందో ఆయనకు తెలుసు.

ఇక "పాలపిండి" మాటకు వద్దాం. ఒంగోలు ప్రాంతంలో ఉద్యమం మొదలుపెట్టినవాడు తోళ్ల వ్యాపారం చేసే మాదిగ పెద్ద ఎర్రగుంట్ల పేరయ్య. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చేత బాప్తిస్మం పొందకముందే ఆయనకు ఆ విశ్వాసం ఉంది, తన మనుషుల్లో దాన్ని చెబుతూ తిరిగాడు. తర్వాత 1876–78 కరువు, మన పెద్దలు ధాత కరువు అన్నది అదే. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. మనవాళ్లు తట్ట మోసి, గడ్డపార వేసి కూలి సంపాదించుకున్నారు. ఆ కరువు పనులు నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని. పనులు అయిపోయాకే, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అది కూలి తీసుకుని పనిచేసిన మనుషుల నిర్ణయం. ఎవరైనా మళ్లీ ఆ మాట అంటే ఈ తేదీ చెప్పండి.

అయితే మిషను కాలంలో మరోరకం కానుక వచ్చింది, దాన్ని దాచి చరిత్ర చెప్పకూడదు. క్రిస్మస్ కార్డు పుట్టింది లండన్లో, 1843లో. హెన్రీ కోల్ అనే అధికారి చిత్రకారుడు హార్స్‌లీ చేత బొమ్మ వేయించి వెయ్యి దాకా అచ్చు వేయించాడు. ఒక్కోటి ఒక షిల్లింగు. ఆ రోజుల్లో అక్కడి పొలం కూలీ రోజంతా పనిచేస్తే దాదాపు అంతే వచ్చేది. అంటే కార్డు మొదట పెద్దింటి వస్తువు. తర్వాత రంగుల అచ్చు చవకైంది, 1870లో బ్రిటన్‌లో అర పెన్నీ తపాలా వచ్చింది, కార్డు సామాన్యుల చేతికి దిగింది. 1875లో లూయీ ప్రాంగ్ బోస్టన్‌లో అచ్చు మొదలుపెట్టాడు. అలా పోగుపడ్డ వాడేసిన కార్డులే పెట్టెల్లో సముద్రం దాటి మిషను బడులకు వచ్చాయి. రాత ఉన్న వైపు తెల్ల కాగితం అంటించి, దాని మీద వాక్యం రాసి, బడి పిల్లలకు బహుమతిగా ఇచ్చేవారు. పలక కూడా ముట్టనివ్వని ఊళ్లో ఒక పిల్లకు రంగుల బొమ్మ దక్కడం చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. అయినా అది కూడా ఒకరు వాడగా మిగిలిందే.

మూడో రకం కానుక మనవాళ్లు చేసింది. దాని గురించి పుస్తకాల్లో తక్కువ. మా పల్లెలో నేను చూసింది చెబుతాను. డిసెంబర్ మొదటి వారంలో వెదురు బద్దలు చీల్చి, గాలిపటం కాగితం తెచ్చి, మైదా పిండి ఉడికించిన బంకతో నక్షత్రం కట్టేవాళ్లు. లోపల మొదట దీపం, కరెంటు వచ్చాక బల్బు. బట్టలకైతే మూడు నాలుగు ఇళ్లు కలిసి తాను గుడ్డ కొనేవి. తాను మీద తీసుకుంటే గజం చవక. అందుకే మా పల్లెలో అన్నదమ్ముల పిల్లలందరికీ ఒకే పువ్వుల గౌన్లు, ఒకే గీతల చొక్కాలు. ఊరి పిల్లలు చూసి నవ్వేవారు. మాకు మాత్రం ఎవరు ఏ ఇంటివాళ్లో చొక్కా చూస్తే తెలిసిపోయేది.

కార్డులు మేమే చేసేవాళ్లం. పాత శుభలేఖల్లో ఖాళీగా ఉన్న అట్ట భాగం కత్తిరించి, స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేసేవాళ్లం. కొన్న కార్డుల మీద మంచు, దేవదారు చెట్లు ఉండేవి. ఒంగోలులో మంచు ఎప్పుడు పడింది? మేము తాటిచెట్లు, పూరిపాక వేసేవాళ్లం. పశువుల కొట్టం వేయడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు, పాలేర్ల పిల్లలం. కవరు అంటించకుండా మూత లోపలికి మడిచి బుక్ పోస్టులో పంపితే బిళ్ల ఖర్చు తగ్గేది. అదీ లేనివాళ్లకు 15 పైసల పోస్టుకార్డు. బెజవాడ బేల్దారి పనికి పోయిన మేనమామలకు, హాస్టళ్లలో ఉన్న అక్కలకు అవే చేరేవి. అందులో ఎవరి దయా లేదు. చేసినవాళ్లదీ అందుకున్నవాళ్లదీ ఒకే పల్లె, ఒకే కూలి.

ఈ ఇచ్చే అలవాటుకు కూడా చరిత్ర ఉంది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్, మాల మాదిగ సంఘాల్లో పట్టుబట్టి చెప్పింది ఇదే. పేదరికం పుచ్చుకోవడానికి కారణం కావచ్చు గానీ ఇవ్వకుండా ఉండటానికి కారణం కాదని. "క్రిస్టియన్ గివింగ్" అని పుస్తకమే రాశాడు. మన అమ్మలు వంటకు బియ్యం పోసేటప్పుడు పిడికెడు తీసి వేరే కుండలో వేసేది అందుకే. ఆయనతో నాకు పేచీలున్నాయి, అవి ఇంకో భాగంలో. ఈ ఒక్క మాటలో మాత్రం, ఎప్పుడూ అడుక్కునేవాళ్లని ముద్ర పడ్డ జనం ఇచ్చేవాళ్లయ్యారు.

మరి ఇప్పుడు? ప్రభుత్వాలు కూడా కానుకలు మొదలుపెట్టాయి. ఆంధ్రలో 2014 తర్వాత కొన్నేళ్లు ముఖ్యమంత్రి పేరుతో సరుకుల సంచి ఇచ్చారు, తెలంగాణలో బట్టల ప్యాకెట్ ఇచ్చారు. ఇస్తే తీసుకోండి, అది మన పన్నుల డబ్బే. కానీ సంచి మీద పేరు ఎవరిదో గమనించండి. ఇంకోవైపు షాపింగ్ మాళ్లు, ఆన్‌లైన్ ఆఫర్లు. వాటి కోసం వారం వారం కిస్తీ కట్టే అప్పులు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల వల్ల ఆత్మహత్యలు జరిగి 2010 అక్టోబర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ అప్పులు మోసినవాళ్లలో మన ఆడవాళ్లు ఎంతమందో మీ పల్లెలో అడిగితే చాలు. పండగ అప్పు కూడా అప్పే. సంక్రాంతి దాటాక కిస్తీ కట్టడానికి అమ్మ అదనంగా మిరపకోతకు పోతుంది.

నేను పేదరికాన్ని పొగడటం లేదు. జీతం ఉంటే కొనండి, మంచి బట్ట కట్టండి. సూటూ బూటూ వేసుకున్న బాబాసాహెబ్ మనకు నేర్పింది అదే. అప్పు చేసి మాత్రం కొనకండి, చవకగా చేసినందుకు సిగ్గుపడకండి. హాస్టల్ పిల్లలారా, నలుగురు కలిసి తాను గుడ్డ తీసుకోండి. పది రూపాయల చార్టు చింపితే ఎనిమిది కార్డులవుతాయి. సంతలో పాత పుస్తకాలు బేరమాడి కొని, చెల్లెలి పేరు రాసి ఇవ్వండి. చదవడం రాని నాయనమ్మకు ఈ భాగం చదివి వినిపించి, ఆమె చిన్నప్పటి క్రిస్మస్ ఎలా జరిగిందో రాసుకోండి. ఆమె మాటలే కుట్టి చిన్న పుస్తకం చేస్తే, ఏ మాల్‌లోనూ దొరకని కానుక అది. మన చరిత్రకు కావలసిన ఆధారం కూడా అదే.

మీ పల్లెలో నక్షత్రం ఎవరు కట్టేవారు, కార్డుల మీద ఏమి వేసేవారు, కింద రాయండి. పాత చేతి కార్డు ఇంట్లో ఉంటే పారేయకండి, ఫొటో తీసి పెట్టండి.

వచ్చే భాగంలో పిడికెడు బియ్యంతో కట్టిన బడుల గురించి.

జై భీమ్.