తృతీయప్రకృతివారి సంతానాధికారము: హైదరాబాదు రాజ్యపు శాసనమొకటి

శిశువును గని పెంచుటకు దగినవా రెవ్వరను ప్రశ్నకు మన దేశమున మూడువిధములగు గ్రంథములయందు సమాధానములు లభించుచున్నవి. ఇతిహాసము లొకటి, ధర్మశాస్త్రములు రెండవది, రాజశాసనములు మూడవది. స్త్రీపురుషభేదములో నిముడని వారివిషయమున ఈ మూడును ఏమి చెప్పినవో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము. అమరసింహుడు తృతీయప్రకృతియను పదమును శండ, క్లీబ, పండ, నపుంసకశబ్దములతో గలిపి పఠించెను. తెలుగున పేడి యనుమాట ప్రాచీనము. దక్కనులో హిజ్రాయనునది వాడుక. నేటి చట్టములు ట్రాన్స్‌జెండరు వ్యక్తులని వ్యవహరించుచున్నవి. ఈ పదము లన్నియు నొకే యర్థమును బోధింపవు. అయినను లోకము వీరందఱిని ఒక్క చూపుతోనే చూచుచు వచ్చినందున వీనిని ఒకచోట జేర్చి విచారింపవలసియున్నది.

మర్పల్లి వికారాబాదునుండి బీదరు దిక్కునకు బోవు రైలుమార్గముమీద నున్న యూరు. అది 1948 వఱకు నిజాముపాలనమందును, 1956 నవంబరు 1 వఱకు హైదరాబాదు రాష్ట్రమందును, పిదప ఆంధ్రప్రదేశమందును, 2014 జూను 2 నుండి తెలంగాణరాష్ట్రమందును ఉన్నది. 2016 అక్టోబరు 11 న వికారాబాదు జిల్లాలో జేరినది. ఇన్ని పాలనములు మాఱినను ఈ సీమకు వర్తించిన చట్టమొకటి 104 ఏండ్లు నిలిచియుండెను. అది ఫసలీ 1329, అనగా క్రీ. శ. 1919 నాటిది. మీర్ ఉస్మాన్ అలీఖాను ప్రభుత్వకాలమున హిజ్రాలనుగూర్చి చేయబడి, 1956 తరువాత ఆంధ్రప్రదేశ (తెలంగాణ ప్రాంత) నపుంసకుల చట్టమను పేర సాగినది.

ఆ చట్టమున ముఖ్యాంశము లివి. హైదరాబాదు నగరమునను, ప్రభుత్వము ప్రకటించు నితరస్థలములందును నివసించు నపుంసకులలో బాలాపహరణాదిదోషములు గలవారని అనుమానింపబడినవారి పేళ్లును నివాసములును ఒక పట్టికలో వ్రాయవలెను. పట్టికలో జేరినవారు స్త్రీవేషముతో వీథిలో గనబడినను, బహిరంగస్థలమున ఆడిపాడినను వారంటు లేకయే పట్టుకొనవచ్చును. రెండేండ్లవఱకు ఖైదు విధింపవచ్చును. అయిదవ సెక్షను మన విషయమునకు ప్రధానమైనది. పట్టికలో నున్నవారియొద్ద గాని, వారి యింట గాని, వారి యధీనమున గాని పదునాఱేండ్లకు లోబడిన బాలుడున్నచో దానికిని రెండేండ్లవఱకు ఖైదు గలదు. ఆ బాలుని తలిదండ్రులకో సంరక్షకులకో యొప్పగించు అధికారము మేజిస్ట్రేటున కీయబడెను.

ఇచట నొక విశేషము గమనింపదగియున్నది. బాలు డపహరింపబడెననియు, బాధింపబడెననియు రుజువు చేయవలసిన యక్కఱ అయిదవ సెక్షనునకు లేదు. బాలుడు ఆ యింట నుండుటయే నేరము. అనాథయై చేరినను, బంధువు చేతి కప్పగించి పోయినను, ఆకలిగొని వచ్చినను నేరమే. పట్టికలో జేర్చుటకు అనుమానము చాలును. పట్టికలో జేరిన పిమ్మట పెంపకమే దోషమగును. మర్పల్లివంటి యూళ్లకు పట్టిక వెంటనే రాకపోయినను, ప్రభుత్వ ప్రకటన మొక్కటి చాలును, అది యెప్పుడైనను రావచ్చును.

ఈ శాసనమునకు మాతృక బ్రిటిషు ఇండియాలో గలదు. 1871 నాటి నేరజాతుల చట్టముయొక్క రెండవభాగము వాయవ్యరాష్ట్రములు, అయోధ్య, పంజాబు మున్నగు సీమలలోని హిజ్రాలనుగూర్చినది. పట్టిక, వేషనిషేధము, పదునాఱేండ్ల హద్దు అన్నియు నందున్నవి. అది మఱియొక యడుగు ముందునకు వేసి, పట్టికలోని వ్యక్తి మైనరునకు సంరక్షకు డగుటకును, దానమిచ్చుటకును, మరణశాసనము వ్రాయుటకును, పుత్రుని దత్తత చేసికొనుటకును అనర్హుడని శాసించెను. ఒక మనుష్యునకు ముందుతరముతో గల సంబంధ సూత్రములను ఒక్కొక్కటిగా ద్రెంపిన శాసనమిది. నేరజాతుల చట్టము 1952 లో దేశమంతట రద్దయ్యెను. హైదరాబాదు రాజ్యపు చట్టము మాత్రము ఎవ్వరి దృష్టికిని రాక మిగిలిపోయెను.

ధర్మశాస్త్రములును వీరియెడ ఉదారములు కావని యొప్పుకొనవలయును. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున క్లీబుడు, పతితుడు, జాత్యంధుడు మొదలగువారికి దాయభాగము లేదని చెప్పబడెను. కాని వెంటనే, వారికి జీవితాంతము అన్నవస్త్రము లీయవలెననియు, వారికి సంతానము గలిగినచో ఆ సంతానము దాయమునకు అర్హమనియు విధింపబడెను. యాజ్ఞవల్క్యుడును ఇట్లే చెప్పెను. దీనికి మితాక్షరావ్యాఖ్యానమును రచించిన విజ్ఞానేశ్వరుడు కల్యాణపురమున చాళుక్య విక్రమాదిత్యుని కాలమువాడు. ఆ కల్యాణము మర్పల్లికి పడమటిదిక్కున, బీదరు సీమలో, నేడు బసవకల్యాణమను పేర నున్నది. ఔరస క్షేత్రజులకు మాత్రమే భాగము, ఇతరపుత్రులకు లేదని యాయన అర్థము చెప్పెను. అనగా అచ్చటను సంకోచము లేకపోలేదు. అయినను భేదము స్పష్టము: స్మృతి తండ్రి భాగమును దీసికొని పుత్రుని భాగమును నిలిపెను; 1871 నాటి చట్టము పుత్రునే దీసికొనెను.

ఇతిహాసము వీనికంటె విశాలదృష్టి గలది. భారతమున నారణ్యపర్వమందలి యువనాశ్వుని కథ పండితు లెఱిగినదే. రాణి కొఱకు మంత్రించియుంచిన కలశోదకమును దాహార్తుడై రాజు త్రావెను. ఋషులు ఆయనను గేలి చేయలేదు, వెలివేయలేదు. జరిగినది దైవకృతమని చెప్పి ప్రసవము సుఖముగా జరుగుటకు ఇష్టి చేసిరి. నూఱేండ్లకు రాజు నెడమపార్శ్వమును భేదించుకొని శిశువు పుట్టెను. దేవత లడిగిన ప్రశ్న యొక్కటే: ఈ శిశువు ఏమి త్రావును? ఇంద్రుడు తన వ్రేలిని నోట బెట్టెను. ఆ శిశువే మాంధాత, సార్వభౌముడు. పురుషుడు గర్భము ధరించుట యెట్లని సభ తర్కింపలేదు. బిడ్డ యాకలిని గుఱించి యాలోచించినది.

ఆనుశాసనికపర్వమందలి భంగాస్వనుని కథ మఱింత లోతైనది. నూర్గురు పుత్రులుగల యా రాజు ఇంద్రుని మాయచే నొక సరస్సున మునిగి స్త్రీయయ్యెను. రాజ్యమును కుమారుల కిచ్చి వనమునకు బోయి, ఒక తాపసునివలన నింకను నూర్గురను గనెను. వారిని దోడ్కొనివచ్చి, అన్నదమ్ములు కలసి రాజ్యము ననుభవింపుడని మొదటివారి కప్పగించెను. ఇంద్రుడు భేదము పుట్టించి యందఱును బరస్పరము చంపుకొనునట్లు చేసెను. పిదప కరుణించి, ఏ నూర్గురను బ్రదికింతునని యడుగగా, స్త్రీనైయుండి కన్నవారిని బ్రదికింపుమని యామె కోరెను. స్త్రీకి బిడ్డలయెడ ప్రేమ యధికమని కారణము చెప్పెను. సంతసించిన యింద్రుడు అందఱిని బ్రదికించెను. మరల పురుషత్వము కావలెనా యని యడుగగా వలదనెను. ఒకే వ్యక్తి తండ్రియు తల్లియు నగుట యీ కథయందు నిందకు స్థానము కాలేదు. ఆ వ్యక్తి వాత్సల్యమే సాక్ష్యముగా గ్రహింపబడినది.

కథ వేఱు, కాపురము వేఱని యెవ్వరైన ననవచ్చును. కావున కాపురమునే చూతము. గాయత్రీరెడ్డి హైదరాబాదు, సికిందరాబాదులలోని హిజ్రాల జీవితమును పరిశోధించి 2005 లో ఆంగ్లమున గ్రంథమును బ్రకటించిరి. వారిలో గురుశిష్యసంబంధ మొకటి; తల్లికూతుళ్ల సంబంధము మఱియొకటి. ఈ రెండవది పాలపేర గలుపుకొనునది. పుట్టినింట స్థానము లేనివారు పెట్టుకొనిన తల్లి, పెట్టుకొనిన కూతురు వీరు. ఇక లోకాచారమును జూడగా, బిడ్డ పుట్టిన యింట హిజ్రాలు వచ్చి దీవించుట పలుచోట్ల శుభముగా నెంచబడుచున్నది. ఒడిలోని బిడ్డను దీవించుట కర్హులైనవారు ఆ బిడ్డను పెంచుటకు అనర్హులెట్లయిరి? ఈ వైరుధ్యమును చట్టము పుట్టింపలేదు. లోకమున నున్న భయమును బట్టి దానికి రాజముద్ర వేసినది.

రాజముద్రగల భయము కాలక్రమమున సత్యముగా జెలామణి యగును. 2018 మే నెలలో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి సెల్‌ఫోనులద్వారా తెలంగాణమున వ్యాపించెను. ఆ దినములలో హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్టయొద్ద కొందఱు హిజ్రాలపై గుంపు పడి కొట్టగా నొకరు మరణించిరి. వదంతి కొత్తది, సాధనము కొత్తది; అనుమానము మాత్రము ఫసలీ 1329 నాటి పట్టికలోనిదే. ఆ గుంపులోనివారు చట్టమును జదివియుండరు. కాని హిజ్రా ప్రక్కన బిడ్డను జూచినంతనే నేరమును జూచు నలవాటు నాటికిని న్యాయగ్రంథములలో నచ్చువేయబడి యుండెను.

1919 నాటి యా చట్టమును సవాలు చేయుచు వైజయంతీ వసంత మొగిలి ప్రభృతులు ఉన్నతన్యాయస్థానమున దావా వేసినదియు ఆ 2018 సంవత్సరముననే. అంతకుముందు, 2014 ఏప్రిలు 15 న, సుప్రీముకోర్టు తమ లింగమును దామే నిర్ణయించుకొను హక్కు వీరికి గలదని తీర్పు చెప్పియుండెను. 2023 జూలైలో తెలంగాణ ఉన్నతన్యాయస్థానమున ప్రధానన్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి. వి. భాస్కరరెడ్డిగార్ల ధర్మాసనము, ఆ చట్టము సమత్వమును జీవితగౌరవమును భంగపఱచుచున్నదని, రాజ్యాంగమునకు విరుద్ధమని కొట్టివేసెను. ఒక సముదాయము నంతను నేరస్థులుగా నెంచుట చెల్లదని దాని తాత్పర్యము.

ఆ 2023 వ సంవత్సరముననే ఫిబ్రవరిలో కేరళమున కోళిక్కోడు వైద్యకళాశాలలో మఱియొక సంగతి జరిగెను. పుట్టుకచే స్త్రీదేహము గలిగి పురుషుడుగా జీవించు వ్యక్తి యొక శిశువును గనెను. సహచరి పుట్టుకచే పురుషదేహము గలిగి స్త్రీగా జీవించునది. 2008 లో అమెరికాలో ఇట్టి ప్రసవమే జరిగినప్పుడు లోకము వింతగా జూచెను. కేరళమున అభినందనలును వచ్చినవి, దూషణములును వచ్చినవి. ఆ శిశువు పాలకై వైద్యకళాశాలలోని స్తన్యనిధిని ఆశ్రయింప దలచిరి. మాంధాత యేమి త్రావునను దేవతల ప్రశ్నకు ఈ కాలపు సమాధానమిది. జననపత్రములో కన్నవానిని తల్లియనియు సహచరిని తండ్రియనియు వ్రాయగా వారు న్యాయస్థానమున కేగిరి. తల్లి, తండ్రి యను విభాగము లేక మాతాపితరులని మాత్రమే వ్రాసి పత్రమీయవలసినదిగా కేరళ ఉన్నతన్యాయస్థానము 2025 జూనులో నాజ్ఞాపించెను. బిడ్డ పాఠశాలలోను, ఉద్యోగములోను పడదగిన యిబ్బంది ఆ వాదమునకు మూలము.

బిడ్డ క్షేమము ముఖ్యము గదా, సందేహమున్నప్పుడు నిషేధించుట మేలు గదా యని కొంద ఱాక్షేపింపవచ్చును. బిడ్డ క్షేమము ముఖ్యమే. కాని బిడ్డ నెత్తుకొనిపోవుట యెవ్వరు చేసినను నేరమని సామాన్యశిక్షాస్మృతియే చెప్పుచున్నది. బలవంతపు నపుంసకీకరణమునకు 1329 నాటి చట్టమే ప్రత్యేకముగా నేడేండ్లవఱకు ఖైదు విధించెను. క్రియకు శిక్ష యున్నప్పుడు వ్యక్తికి శిక్ష యెందులకు? అయిదవ సెక్షను రక్షించిన శిశువు లెందఱో లెక్క చెప్పజాలదు. ఆకలితో వచ్చిన బాలుని గడపయొద్దనే నిలిపివేయుమని మాత్రము అది యా యింటివారికి స్పష్టముగా జెప్పెను.

ప్రజాభిప్రాయ చరిత్రమును వ్రాయువారు సభలయందును పత్రికలయందును మాత్రమే వెదకిన జాలదు. రద్దయిన చట్టములు ప్రజాభీతికి నిలిచిన శిలాశాసనములు. 1329 నాటి చట్టమును కొట్టివేసిరి గాన మఱచిపోవచ్చునని తలపరాదు. దానిని చదివి, ఏ వాక్యమున అనుమానము నేరముగా మాఱినదో గుర్తింపవలయును. మన పాఠశాలలలో మాంధాతృచరిత్రము చెప్పునప్పుడు ఋషులు యువనాశ్వుని యెడ ప్రవర్తించిన తెఱగును గూడ విద్యార్థులకు జూపుట పండితులకు సాధ్యమైన పని. గర్భమెవ్వరిదను విచారమునకు ముందు బిడ్డ యాకలి వచ్చునని యా కథ నేర్పుచున్నది.