టికెట్టు మీద టాటానగర్

సాక్చికి వెళ్లినా, కద్మాకు వెళ్లినా, బిష్టుపూర్‌కు వెళ్లినా విశాఖలో రైలెక్కేవారి టికెట్టు మీద ఉండేది టాటానగరే. ఇవన్నీ జంషెడ్‌పూర్ పేటలే అయినా ఆ మాటే కనబడదు. స్టేషన్‌లో దిగాక ఏ సందులోకి పోవాలో వెతుక్కోవాల్సిందే. ముప్పయ్యేళ్ల కిందట వెబ్‌సైట్లకూ ఇదే అవస్థ పట్టింది. దాని పేరు ఫ్రేమ్స్.

ఫ్రేమ్స్ అంటే పుటను గళ్లుగా కోయడం. అదేమీ కొత్త విద్య కాదు. తాళపత్రం మీద దారం దూర్చే కన్నం చుట్టూ చోటు వదిలి రాసుకున్నారు. ఆ తర్వాత అచ్చొచ్చింది, పత్రికలొచ్చాయి, కాలమ్‌లొచ్చాయి. రెండు వాక్యాల్లో శతాబ్దాలు గడిచిపోయాయి, ఏమీ అనుకోకండి.

నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 బ్రౌజర్ తెరను గదులుగా విడగొట్టింది. ఎడమ గదిలో మెనూ కదలదు, కుడి గదిలో పేజీలు మారుతుంటాయి. నత్తనడక మోడెమ్‌ల కాలంలో అది వరమే. కానీ 1996 డిసెంబరులో వెబ్ వాడుక నిపుణుడు జాకబ్ నీల్సన్ ఫ్రేమ్స్ చాలా చోట్ల పనికిరావని రాసేశాడు. ఎన్ని పేజీలు తిరిగినా అడ్రస్ బార్‌లో మొదటి అడ్రసే! బుక్‌మార్కు పెట్టుకుంటే మళ్లీ గుమ్మం దగ్గరికే.

ఫ్రేమ్స్ తగాదా కోర్టుకెక్కిన తీరు మరీ రసవత్తరం. టోటల్‌న్యూస్ అని అరిజోనాలో ఓ చిన్న సంస్థ. పక్కన వార్తాసంస్థల మీటలు, అడుగున తన ప్రకటన, మధ్య గదిలో ఎవరిదో వార్త. వాషింగ్టన్ పోస్ట్ మీట నొక్కితే పోస్ట్ పేజీయే వచ్చేది, కాకపోతే ఇరుకు గదిలో నక్కి. పైన అడ్రసు మాత్రం టోటల్‌న్యూస్‌దే. వంట ఒకరిది, విస్తరి మరొకరిది, డబ్బులు విస్తరి వేసినవాడికి! 1997 ఫిబ్రవరిలో పోస్ట్, సీఎన్ఎన్, రాయిటర్స్, డౌజోన్స్ తదితరులు న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకెళ్లారు. జూన్‌లో రాజీ కుదిరింది: లింకు ఇచ్చుకోవచ్చు, చట్రంలో బిగించకూడదు. జడ్జి ఏమనేవాడో వినే భాగ్యం మనకు దక్కలేదు.

ఇంత జరిగాక ఫ్రేమ్స్ అంతరించాలి కదా? అదే ఏడాది డిసెంబరులో వెబ్ పేజీల భాష హెచ్‌టీఎంఎల్ 4.0 వాటికి అధికారిక ముద్ర వేసింది! 2014లో హెచ్‌టీఎంఎల్ 5 వాటిని పక్కనపెట్టినా, తమ్ముడు ఐఫ్రేమ్ మాత్రం వార్తల మధ్య యూట్యూబ్ వీడియోలు మోస్తూ బతికే ఉన్నాడు.

అమీర్‌పేటలో జావా నేర్చుకున్నవారికి మాత్రం ఫ్రేమ్స్ అంటే జావా క్లాసుల వివరణ పుటలైన జావాడాకే. ఎడమవైపు పైన ప్యాకేజీలు, కింద క్లాసులు, కుడివైపు వివరణ. జావా పుట్టింది సన్ మైక్రోసిస్టమ్స్‌లో, నీల్సన్ ఆ వ్యాసం రాసేనాటికి ఉద్యోగం చేస్తున్నదీ అక్కడే. జావాడాక్ పేజీ నెత్తిన రెండు లింకులు పక్కపక్కనే ఉండేవి: ‘ఫ్రేమ్స్’, ‘నో ఫ్రేమ్స్’.