సైనిక పరిచారిక - పూర్వానుభవము

రోగి మంచముకడ పదియేండ్లు గడించిన నేర్పునకు సైన్యమున విలువ కలదా? అమెరికా చరిత్రము ఈ ప్రశ్నకు మిక్కిలి ఆలస్యముగా సమాధానము చెప్పినది.

1901లో అచట సైనిక పరిచారికాదళము స్థాపితమయ్యెను గాని, అందలి స్త్రీలకు అధికారిహోదా లేకుండెను. మొదటి ప్రపంచయుద్ధమున ఇరువదివేలకు మించిన పరిచారికలు పనిచేసిరి. ఆసుపత్రులలో శిక్షణపొంది ఆరితేరినవారు వారిలో పెక్కురు. అయినను హోదా లేనివారి యాజ్ఞను వార్డులోని ఆర్డర్లీ పెడచెవిని పెట్టుటకు వీలుండెను. అందలి కష్టము గాయపడిన సిపాయిదే.

1920 నాటి చట్టము వారికి లెఫ్టినెంటు మొదలు మేజరు వరకు పేర్లనిచ్చెను. పురుషాధికారులతో సమానమగు జీతమును మాత్రమియ్యలేదు. పూర్తి హోదా 1944లో తాత్కాలికముగను, 1947లో శాశ్వతముగను లభించెను. స్థిరసైన్యమున శాశ్వతాధికారము పొందిన ప్రథమస్త్రీ ఫ్లారెన్సు బ్లాంచిఫీల్డు అను పరిచారికయే.

ఇక మిగిలినది, కొత్తగా చేరువారిని ఏ మెట్టున నిలుపవలెనను ప్రశ్న. సైన్యమునకు వెలుపల గడించిన ఉన్నతవిద్యను, ప్రత్యేకానుభవమును ప్రవేశహోదాకై లెక్కించుటకు 1980 నాటి చట్టము చోటిచ్చినది.

పరిచర్యను స్త్రీస్వభావమని పొగడి, విద్యగా నెన్నకపోవుటయే ఈ జాప్యమునకు మూలమని మేము తలచుచున్నాము. పొగడ్త జీతమునకు బదులు కాదు. నర్సులగు మన బిడ్డల విషయమునను మనము దీనిని మరువరాదు.